చిట్టాకెక్కని పద్దు

1492వ సంవత్సరం. నీలి సముద్రం మీద ఒక ఓడ. అందులో ఇద్దరే మనుషులు: తుపాకీ పట్టిన సైనికుడొకడు, అడవి నరికి చేను చెయ్యడానికి పనిముట్లు తెచ్చుకున్నవాడొకడు. పటంలో మిగతాదంతా చీకటి. పడమటికి సాగేకొద్దీ చీకటి విడిపోతుంది, తీరం కనిపిస్తుంది, ఆ తీరాన అప్పటికే ఊళ్లున్నాయనీ తెలుస్తుంది. మైక్రోప్రోస్ అనే అమెరికన్ కంపెనీ 1994లో విడుదల చేసిన ‘సిడ్ మైయర్స్ కాలనైజేషన్’ అనే కంప్యూటర్ ఆట ఇలా మొదలవుతుంది. ముగింపు మాత్రం యుద్ధం. ఏ రాజు పంపితే వచ్చారో ఆ రాజు మీదే తిరగబడి, స్వాతంత్ర్యం ప్రకటించి, అతని సైన్యాన్ని ఓడిస్తేనే ఆటగాడు గెలిచినట్టు.

పేరులో సిడ్ మైయర్ ఉన్నా, రూపకల్పనలో సింహభాగం బ్రయన్ రెనాల్డ్స్‌ది. మైయర్ 1991లో తెచ్చిన ‘సివిలైజేషన్’ అప్పటికే లోకమంతా ఆడుతున్న ఆట. అందులో రాతి పనిముట్ల కాలం నుంచి అంతరిక్ష నౌకల దాకా ఆరు వేల ఏళ్ల కథ ఉంటుంది. రెనాల్డ్స్ దాన్ని మూడు శతాబ్దాలకూ, అట్లాంటిక్‌కు అవతలి ఒక్క భూభాగానికీ కుదించాడు. విస్తీర్ణం తగ్గిన మేరకు వివరం పెరిగింది. ఒక్కో మనిషి ఏ పని చేస్తున్నాడో, ఒక్కో పీపా సరుకు ఏ గిడ్డంగిలో ఉందో ఆటగాడికి తెలియాల్సిందే.

వలసల కథను ఆటగా మలచడం అతనితోనే మొదలవలేదు. 1984లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఓజార్క్ సాఫ్ట్‌స్కేప్ అనే చిన్న బృందం ‘సెవెన్ సిటీస్ ఆఫ్ గోల్డ్’ తయారుచేసింది. దాని రూపకర్త డాన్ బంటెన్, తర్వాతి కాలంలో డానియెల్ బంటెన్ బెర్రీ. ఆటగాడు స్పెయిన్ నుంచి ఓడలతో బయల్దేరి కొత్త ఖండంలో దిగుతాడు. ఊళ్లోకి నడిచి వెళ్లి కానుకలిచ్చి బేరమాడొచ్చు, లేదా కత్తి దూసి దోచుకోవచ్చు. జనం గుమిగూడిన చోట తొందరపడి అడుగేస్తే ఎవరో ఒకరు చచ్చిపోతారు, అక్కడితో మాటలు బంద్. బంగారం తెచ్చేవాడికి రెండు దారులూ తెరిచి ఉంచి, ఎటు పోతావో నువ్వే తేల్చుకో అన్న ఆట అది. పదేళ్ల తర్వాత వచ్చిన ‘కాలనైజేషన్’ ఆ ప్రశ్నను వ్యాపారం చిట్టాలోకి మార్చింది.

చిట్టా అంటే నిజంగా చిట్టానే. ఆటలో పదహారు సరుకులుంటాయి. చెరకు పండిస్తే రమ్, పొగాకు పండిస్తే చుట్టలు, పత్తి పండిస్తే బట్ట, బొచ్చుతోళ్లు తెస్తే కోట్లు. ముడి సరుకు చవక, తయారీ సరుకు ప్రియం. వీటికి తోడు కలప, ఖనిజం, వెండి, పనిముట్లు, తుపాకులు, గుర్రాలు. ఓడలో ఒక్కో అరకు వంద టన్నులు పడతాయి: చిన్న క్యారవెల్‌కు రెండు అరలు, వర్తక నౌకకు నాలుగు, గేలియన్‌కు ఆరు. సముద్రం దాటి స్వదేశపు రేవులో అమ్మితే సొమ్ము. కానీ ఒకే సరుకును వరసగా నాలుగు ఓడల నిండా దించితే ధర పడిపోతుంది. హాలండు తరఫున ఆడేవాడికి ఆమ్‌స్టర్‌డామ్ అంగడిలో ధరలు అంత తేలిగ్గా పడవు. ఫ్రాన్స్‌కు స్థానికులతో సఖ్యత, ఇంగ్లండుకు తెరిపి లేకుండా వచ్చే వలసజనం, స్పెయిన్‌కు స్థానికుల ఊళ్ల మీద పడేటప్పుడు యాభై శాతం అదనపు బలం. నాలుగు సామ్రాజ్యాల స్వభావాన్ని నాలుగు నియమాల్లో కట్టేశారు.

ధరలు పడిపోయే నియమం వెనక అచ్చమైన చరిత్ర ఉంది. ఇంగ్లీషువాళ్లు 1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగింది బంగారం కోసం. బంగారం దొరకలేదు సరికదా, తిండికే కటకటలాడారు. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే వలసదారు కరీబియన్ వైపు నుంచి వచ్చిన తియ్యటి రకం పొగాకు విత్తనం నాటాడు. 1617 నాటికి ఇరవై వేల పౌన్ల పొగాకు లండన్‌కు వెళ్లింది. పొగాకు అంటే ఒళ్లు మండి 1604లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాసిన మొదటి జేమ్స్ రాజు, దాని మీద వచ్చే సుంకాన్ని మాత్రం కాదనలేదు. జేమ్స్‌టౌన్‌లో అంతా పొగాకే వేశారు. మొదట్లో పౌను షిల్లింగుల్లో పలికింది, 1630 నాటికి పెన్నీ దరిదాపులకు జారిపోయింది. ఆట ఆడే కుర్రాడు నాలుగో ఓడ సరుకు దించి ధరల పట్టీ చూసి నాలుక కరుచుకుంటాడు. రోల్ఫ్ పొరుగు రైతులకు జరిగిందీ అదే.

మనుషుల విషయంలోనూ ఈ ఆట అంతే నిక్కచ్చి. స్వదేశపు రేవులో ఓడ కోసం ఎదురుచూసేవాళ్లలో పనితనమున్న నిపుణులుంటారు, మామూలు స్వతంత్రులుంటారు, ప్రయాణపు ఖర్చు కింద కొన్నేళ్ల చాకిరీ రాసిచ్చిన ఒప్పందపు కూలీలుంటారు, చిల్లర నేరగాళ్లూ ఉంటారు. నిపుణుడైన పొగాకు రైతు చేలో చేసే పనిని నేరగాడు చెయ్యలేడు. అతన్ని బడికి పంపితే మెట్టు మెట్టుగా పైకొస్తాడు. వర్జీనియా, మేరీలాండులకు పదిహేడో శతాబ్దంలో వెళ్లిన ఐరోపావాళ్లలో నాలుగింట మూడు వంతుల దాకా ఒప్పందపు కూలీలే. 1718 చట్టం వచ్చాక అమెరికన్ తిరుగుబాటు వరకూ బ్రిటన్ దాదాపు యాభై వేలమంది శిక్షపడిన ఖైదీలను ఆ వలసల్లోకి నెట్టింది. పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో పోయే ఈ జనానికి ఆటలో ముఖం, హోదా, ఉద్యోగం ఉన్నాయి.

ఇక రాజుగారు. ఆటలో అందరికీ గుర్తుండిపోయేది ఆయనే. ఎప్పుడు పడితే అప్పుడు కబురొస్తుంది: యుద్ధం ఖర్చుందని ఒకసారి, తనకు మరో పెళ్లయిందని ఒకసారి, పన్ను పెంచుతున్నామని. ఒప్పుకుంటే చిటికెన వేలి ఉంగరాన్ని ముద్దాడే భాగ్యం దక్కుతుంది. ఒప్పుకోకపోతే వలసజనం రేవులో ఉన్న సరుకును సముద్రంలో పారబోస్తారు. ఇక అప్పట్నుంచి బకాయి పన్ను కట్టేదాకా స్వదేశపు రేవులో ఆ సరుకు కొనరు, అమ్మరు. పారబోసింది పొగాకయితే ఆట దాన్ని ‘పొగాకు విందు’ (పార్టీ) అంటుంది, చక్కెరయితే ‘చక్కెర విందు’.

ఈ ‘విందు’లకు మూలం 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో జరిగిన ‘టీ పార్టీ’. డార్ట్‌మత్, ఎలినార్, బీవర్ అనే మూడు నౌకల నుంచి 342 పెట్టెల తేయాకును నీళ్లలో గుమ్మరించారు. ఆ తేయాకు చైనాది, సొంతదారు ఈస్టిండియా కంపెనీ. 1770 బెంగాల్ కరువు, హైదరాలీతో యుద్ధం, తలకు మించిన అప్పులు కలిసి కంపెనీని దివాలా అంచుకు తెచ్చాయి. లండన్ గిడ్డంగుల్లో కోటి పౌన్లకు పైగా తేయాకు మూలుగుతోంది. దాన్ని నేరుగా అమెరికాలో దించుకోవచ్చని పార్లమెంటు 1773లో చట్టం చేసింది. అక్కడి వర్తకుల పొట్ట కొట్టినట్టయింది, పన్ను వేసే హక్కు లండన్‌దేనని మళ్లీ చాటినట్టూ అయింది. బెంగాల్ పొలాల్లో మొదలైన గండి బోస్టన్ రేవులో తెగింది.

ఆటలో తిరుగుబాటు ఒక్కసారిగా రాజుకోదు. ప్రతి ఊళ్లోనూ సభాభవనంలో కూర్చున్న మనిషి స్వేచ్ఛా గంటలు తయారుచేస్తుంటాడు. అచ్చు యంత్రం, పత్రిక కార్యాలయం కడితే గంటలు పెరుగుతాయి. వాటిని బట్టి జనంలో ఎందరు రాజును కాదంటున్నారో శాతాల్లో తేలుతుంది. సగానికి సగం మంది అటు మొగ్గితేనే స్వాతంత్ర్యం ప్రకటించే వీలు. ఇక్కడొక కొంటె నియమం ఉంది. కరపత్రాలు రాసిన టామ్ పేన్‌ను ‘కాంటినెంటల్ కాంగ్రెస్’ అనే వలసల సభలో చేర్చుకుంటే, పన్ను ఎంత శాతం ఉంటే గంటల ఉత్పత్తి అంత శాతం పెరుగుతుంది. రాజు పెంచిన ప్రతి పైసా రాజుకే ఎదురు తిరుగుతుంది. 1776 జనవరిలో పేన్ కరపత్రం చేతులు మారిన వేగాన్ని ఒక గుణకారంలో చెప్పడం రెనాల్డ్స్ చమత్కారం. గంటలు మోగేకొద్దీ అవతల రాజు కూడా ఫిరంగులు, పటాలాలు, యుద్ధనౌకలు పోగేస్తుంటాడు. యుద్ధం మొదలయ్యాక ఇంకా గంటలు మోగిస్తే మరో ఐరోపా రాజ్యం సాయానికొస్తుంది, 1778లో ఫ్రాన్స్ వచ్చినట్టు.

ఈ సభలో మొత్తం ఇరవై అయిదు మంది పెద్దలకు చోటుంది. వర్తకం, అన్వేషణ, సైన్యం, రాజకీయం, మతం అని అయిదు వర్గాలు. ఒక్కొక్కరు ఒక్కో వరం ఇస్తారు. ఆడమ్ స్మిత్ వస్తే కర్మాగారాలు కట్టొచ్చు. మేఫ్లవర్ ఓడలో వచ్చిన విలియం బ్రూస్టర్ ఉంటే రేవులో నేరగాళ్లు, ఒప్పందపు కూలీలు కనిపించరు. ఆట లోపలి రాజకీయం తెలియాలంటే ఈ సభలో ముగ్గుర్ని కాస్త దగ్గరగా చూడాలి.

మొదటివాడు పీటర్ మిన్యూట్. 1626లో న్యూ నెదర్లాండ్‌కు అధికారిగా ఉండి, అరవై గిల్డర్ల విలువైన సరుకిచ్చి మన్‌హటన్ దీవిని కొన్నాడని చరిత్ర చెప్పే మనిషి. ఆటలో స్థానికుల ఊరి పక్క నేలలో సాగు చెయ్యాలంటే వాళ్లు ధర అడుగుతారు. మిన్యూట్ సభలోకొచ్చాక అడగడం మానేస్తారు. కొనుక్కున్నాడని పేరుపడ్డవాడి చేత ఉచితంగా ఇప్పించారన్నమాట.

మిగతా ఇద్దరూ బార్తొలొమే దె లాస్ కాసాస్, హువాన్ గినెస్ దె సెపూల్వెద. 1550–51లో స్పెయిన్‌లోని వల్లదోలిద్‌లో జరిగిన వాదంలో ఎదురెదురుగా నిలిచినవాళ్లు. స్థానికులు పుట్టుకతోనే పరాధీనులు, యుద్ధం చేసి లొంగదీయడం న్యాయమే అన్నాడు సెపూల్వెద. వాళ్లూ మనలాంటి మనుషులే, బలవంతపు మతమార్పిడి పాపం అన్నాడు దొమినికన్ సన్యాసి లాస్ కాసాస్. ఆటలో ఇద్దర్నీ ఒకే సభలో కూర్చోబెట్టొచ్చు. సెపూల్వెద ఉంటే దాడిచేసిన ఊళ్ల నుంచి మతం మారి పనికొచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. తర్వాత లాస్ కాసాస్ వచ్చి వాళ్లందర్నీ స్వతంత్రుల్ని చేస్తాడు. వరస సరిగ్గా కుదిరితే ఇద్దరి వల్లా లాభమే. శత్రువులిద్దరి పేర్లూ ఒకే లాభాల పట్టీలోకి ఎక్కాయి.

స్థానికులుగా ఆటలో ఇన్కా, ఆజ్టెక్, అరవాక్, ఇరాక్వా, చెరకీ, అపాచీ, సూ, తుపి అనే ఎనిమిది సమూహాలున్నాయి. వాళ్ల ఊళ్లకు మనిషిని పంపితే పొగాకు సాగో, చేపల వేటో నేర్పి పంపుతారు. ఇది నిజానికి దగ్గర. పొగాకు వాడకాన్ని ఐరోపాకు నేర్పింది స్థానికులే. కానీ ఆ ఎనిమిదింట్లో దేని తరఫునా ఆడే వీల్లేదు. 1520లో ఆజ్టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ను కకావికలు చేసిన మశూచి కూడా ఆటలో లేదు.

అసలు లోటు మరోచోట ఉంది. పదహారు సరుకులు, నాలుగు రకాల ఓడప్రయాణికులు, ధరల పట్టీ, పన్ను శాతం ఇంత పకడ్బందీగా రాసుకున్న ఈ ఆటలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు లేరు. ఒక్కరు కూడా లేరు. చెరకు తోటలో కత్తి పట్టేది ఐరోపా నుంచి ఓడెక్కి వచ్చిన తెల్లవాడు. 1619 ఆగస్టులో వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ రేవులో ఇరవైకి పైగా ఆఫ్రికన్లను తిండిసామగ్రికి బదులుగా దించారు. అక్కడి నుంచి అర్ధ శతాబ్దం తిరిగేసరికి పొగాకు తోటల్లో ఒప్పందపు కూలీల స్థానంలోకి బానిసలు రావడం మొదలైంది. 1640ల్లో చెరకు వేసిన బార్బడోస్‌లో అంతకన్నా ముందే ఆ మార్పు జరిగిపోయింది. మొత్తం మీద ఒక కోటీ ఇరవై అయిదు లక్షల మందిని ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లోకెక్కించారు. ఒడ్డు చేరినవాళ్లు కోటీ ఏడు లక్షలు. స్థానికుల కష్టం చూడలేక లాస్ కాసాస్ స్వయంగా 1516లో బానిసల్ని తెప్పించమని సలహా ఇచ్చాడు, తర్వాత ఆ మాటకు పశ్చాత్తాపపడ్డాడు. సలహాదారుకు ఆటలో ఆసనం దక్కింది. ఆ సలహా వల్ల సముద్రం దాటినవాళ్లకు పద్దు కూడా లేదు.

ఆటలో ‘వాణిజ్య వస్తువులు’ అనే పేరుతో ఒక సరుకు ఉంది. ఐరోపాలో కొని స్థానికుల ఊళ్లలో అమ్ముకోవడానికి. అలాంటి సరుకు నిజజీవితంలో ఏమిటని వెతికితే దారి తెలుగు తీరానికీ చేరుతుంది. హాలండు కంపెనీ 1600ల మొదటి దశకంలోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు. ఆటలోని నాలుగు రాజ్యాల్లో మూడు ఈ ఊళ్లో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేటలుగా మిగిలాయి. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో డచ్చి కోఠీలు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో, ఇంజరంలో ఇంగ్లీషు కోఠీలు నేత బట్ట పోగుచేశాయి. కోరమాండల్ తీరం పొడవునా కొన్న ముతక నూలు బట్టల్లో ఒక రకాన్ని ఐరోపా వర్తకులు గినీ గుడ్డ అనేవాళ్లు. పశ్చిమాఫ్రికాలోని గినీ తీరంలో అది బాగా చెల్లేది. అక్కడ బానిసల్ని కొనేటప్పుడు ఇచ్చే సరుకుల్లో భారతీయ నూలు బట్టది పెద్ద వాటా. రంగు అద్దిన నూలు బట్ట తొడుక్కోవడాన్ని ఇంగ్లండు 1721లో నిషేధించింది, తిరిగి ఎగుమతి చెయ్యడాన్ని మాత్రం ఆపలేదు. నేతగాడి మగ్గం మీది గుడ్డ లండన్, ఆమ్‌స్టర్‌డామ్, నాంట్ రేవుల మీదుగా ఆఫ్రికాకు చేరేది. అక్కడి నుంచి కదిలిన ఓడ చెరకు తోటకు మనుషుల్ని దించేది.

ఈ లోటును ఆడేవాళ్లూ గమనించారు. ఫిరాక్సిస్ సంస్థ 2008లో ‘సివిలైజేషన్ 4: కాలనైజేషన్’ పేరుతో ఆటకు కొత్త బొమ్మలద్ది మళ్లీ తెచ్చింది. విడుదలకు ముందే ‘వెరైటీ’ పత్రికలో రాసే బెన్ ఫ్రిట్జ్ దాన్ని తప్పుపట్టాడు, దోపిడీని సరదాగా మార్చారని. కొన్నాళ్లకు రెబెకా మీర్, ట్రెవర్ ఓవెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు స్థానికుల్ని ఆట ఎలా చూపిస్తోందో దాని నియమాల్లో, లోపలి ఫైళ్లలో వెతికారు. ఆటను సొంతంగా మార్చుకునే ఔత్సాహికుల్లో కొందరు బానిసల్ని చేర్చాలని చూశారు. దాంతో అంతవరకూ రాని పేచీ వచ్చింది: చేర్చితే ఆటగాడు మనుషుల్ని కొని అమ్మి లాభం చూసుకోవాలి, చేర్చకపోతే చెరకు తోట అబద్ధం.

ఇతర ఆటల్లోనూ సవరణలు వచ్చాయి. 2005 నాటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3’ను 2020లో కొత్తగా విడుదల చేసినప్పుడు ‘ఇరాక్వా’ను హోడినోషోనీగా, ‘సూ’ను లకోటాగా మార్చారు. అంతకుముందు ‘కలోనియల్ ఏజ్’గా ఉన్న దశ ‘కామర్స్ ఏజ్’ అయింది. 2018లో ‘సివిలైజేషన్ 6’లో క్రీ నాయకుడు పౌండ్‌మేకర్ కనిపించినప్పుడు, కెనడాలో ఆయన పేరు పెట్టుకున్న క్రీ సమాజపు పెద్ద మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం చెప్పాడు. ఇతరుల నేల ఆక్రమించే విలువలు తమవి కావని ఆయన వాదన. 1994 నాటి అసలు ఆటకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రూపమైన ‘ఫ్రీకాల్’ 2003లో తొలిసారి విడుదలై, ఔత్సాహికుల చేతుల మీదుగా ఎదిగి, 2023లో వెర్షన్ 1.0కు చేరింది. దాన్ని ఎవరైనా దింపుకుని ఆడొచ్చు, కోడు తెరిచి నియమాలు మార్చనూ వచ్చు.

చివరి యుద్ధం గెలిచాక ‘కాలనైజేషన్’ మార్కులు వేస్తుంది. జనాభాకు ఇన్ని, సభలోని పెద్దలకు ఇన్ని, ఖజానాకు ఇన్ని. తగలబెట్టిన స్థానిక ఊళ్లకు మార్కులు కోసేస్తుంది. లొంగిపోయిన రాజు సైన్యం ఎటు వెళ్లిందో ఆటకు అక్కర్లేదు. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఇంగ్లీషు సైన్యానికి సేనాని లార్డ్ కార్న్‌వాలిస్. ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి తన కింది అధికారి ఒహారాను పంపాడు. అయిదేళ్లకు, 1786లో, ఆయన గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాల్ జమీందార్ల మీద శాశ్వత శిస్తు విధించాడు. 1802 నుంచి మద్రాసు ప్రభుత్వం అదే పద్ధతిని ఉత్తర సర్కారుల్లోకి తెచ్చింది. జమీందార్ల చేతుల్లో లేని హవేలీ భూముల్ని ముఠాలుగా విడగొట్టి వేలం వేసింది. ఏటా కట్టాల్సిన శిస్తు ముందే ఖరారైంది, వానలు మాత్రం ఖరారు కాలేదు. పాడుకున్నవాళ్లలో చాలామంది బకాయి పడ్డారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి వాళ్ల ముఠాలెన్నో తిరిగి సర్కారు చేతికే వచ్చాయి.